క్లోరైడ్ వేరు, క్లోరిన్ వేరు

“క్లోరిన్ అన్నా క్లోరైడ్ అన్నా ఒకటేనండీ. చివర తోక మారుతుంది, అంతే. ఆ తేడాలు పరీక్షలు రాసే పిల్లలకి, మనకెందుకు?”

ఈ మాట టీ బంకు దగ్గర విన్నాను, చదువుకున్నవాళ్ల పెళ్లి విందులో విన్నాను, ఒక విలేకరి నోట విన్నాను, చివరికి సైన్సు పాఠం చెప్పే మాస్టారి నోటా విన్నాను. విన్న ప్రతిసారీ ఊరుకున్నాను. కిందటి వానాకాలం మా పక్క ఊళ్లో జరిగింది చూశాక, ఊరుకోవడం తప్పని తెలిసింది.

ఆ ఊరి మంచినీళ్ల బోరు నీటిని పరీక్షకు పంపితే ఫలితాల కాగితం వచ్చింది. ఒక వరుసలో ‘క్లోరైడ్: 310’ అని ఉంది, లీటరుకు మిల్లీగ్రాముల లెక్కన. ఇంకొంచెం కిందికి వస్తే ‘రెసిడ్యువల్ క్లోరిన్: లేదు’ అని ఉంది. రెండో వరుస ఎవరి కంటా పడలేదు. మొదటి వరుసను ‘క్లోరిన్ 310’ అని చదివారు. సాయంత్రానికల్లా అది ‘నీళ్లలో క్లోరిన్ విషం’ అయి కూర్చుంది. మర్నాడు ట్యాంకులో బ్లీచింగ్ కలపడానికి వచ్చిన పంచాయతీ మనిషిని మెట్ల దగ్గరే ఆపేశారు. “ఇప్పటికే మూడొందలుంటే ఇంకా పోస్తావా?” అని నిలదీశారు. అతని దగ్గర జవాబు లేదు. పదిహేను రోజుల పాటు, వానలు ముమ్మరంగా పడుతున్న రోజుల్లో, ఆ ఊరు క్రిమిసంహారం చేయని నీళ్లు తాగింది.

ఆ ఊరివాళ్లు తెలివితక్కువవాళ్లు కారు. క్లోరైడ్, క్లోరిన్ ఒకటే అని నమ్మినవాళ్లు ఎవరైనా చేయాల్సిన పనే చేశారు. తప్పంతా ఆ నమ్మకంలో ఉంది. దాన్ని ముక్కముక్కగా విడదీసి చూపించడమే ఈ వ్యాసం పని.

ముందుగా ఆ వాదాన్ని దాని బలంతో సహా చెప్పాలి. అది నాలుగు కాళ్ల మీద నిలబడింది. ఒకటి: రెండింటిలో ఉన్నది ఒకే మూలకం కాబట్టి రెండూ ఒకటే. రెండు: క్లోరిన్ యుద్ధంలో మనుషుల్ని చంపిన విషవాయువు, దానితో తయారైన దేనిలోనైనా ఆ విషం ఎంతోకొంత ఉంటుంది. మూడు: శాస్త్రవేత్తలే ఈ మాటల్ని కలగలిపి వాడారు, మనల్ని తప్పుపట్టడం అన్యాయం. నాలుగు: ఏది ఎలా పిలిచినా సామాన్యుడి బతుకులో మార్పేమీ ఉండదు. ఈ నాలుగింటిలో మూడోదానికి చరిత్రలో కొంత ఆధారం కూడా ఉంది. అయినా నాలుగూ నిలవవు.

1. “మూలకం ఒకటే కాబట్టి పదార్థమూ ఒకటే”

కొడవలిలో ఉన్నది ఇనుము. కొడవలికి పట్టిన తుప్పులో ఉన్నదీ ఇనుమే. తుప్పును పోగేసి కొడవలి చేయించమని ఎవరైనా కమ్మరికి ఇస్తారా? పెరుగు, మజ్జిగ, వెన్న, నెయ్యి అన్నీ పాలలోంచి వచ్చినవే. దీపంలో పోయడానికి నెయ్యి అడిగితే మజ్జిగ తెచ్చి “అంతా పాలేగా” అంటే ఒప్పుకుంటామా? వంటింట్లో, పొలంలో ఒక్కసారి కూడా చేయని తప్పును రసాయనాల పేర్ల దగ్గర రోజూ చేస్తున్నాం.

క్లోరిన్ పరమాణువులో 17 ఎలక్ట్రాన్లుంటాయి. బయటి కక్ష్యలో ఏడు. ఎనిమిది ఉంటేనే దానికి స్థిమితం. ఆ ఒక్క ఎలక్ట్రాన్ కోసం అది దొరికినదాని మీదల్లా పడుతుంది. రంగుల మీద పడితే రంగు పోతుంది. బ్యాక్టీరియా మీద పడితే బ్యాక్టీరియా చస్తుంది. ఊపిరితిత్తుల పొర మీద పడితే ఆ పొర కాలిపోతుంది. క్లోరిన్ గుణమంతా ఈ ఆకలిలోనే ఉంది.

ఆ ఎనిమిదో ఎలక్ట్రాన్ దొరికిన మరుక్షణం దాని పేరు క్లోరైడ్. ఆకలి తీరిపోయింది. ఇక అది రంగు తీయదు, క్రిమిని చంపదు, ఘాటు వాసన రాదు. క్లోరిన్ ఆకుపచ్చ పసుపు కలిసిన రంగులో ఉండే వాయువు. క్లోరైడ్ నీళ్లలో కలిసిపోయి కంటికి కనిపించని అయాన్. తేడా ఒక్క ఎలక్ట్రానే. ఆ ఒక్కటే ప్రాణం తీసేదానికీ ప్రాణం నిలిపేదానికీ మధ్య గోడ.

ఇది కాగితం మీది తేడా అనుకునేవాళ్లు రెండు గాజు గొట్టాలు తీసుకోండి. ఒకదానిలో బ్లీచింగ్ కలిపిన కుళాయి నీళ్లు, రెండోదానిలో వడకట్టిన శుభ్రమైన నీళ్లలో చెంచాడు ఉప్పు. పంచాయతీల్లో ఓటీ పరీక్ష అంటారు చూడండి, ఆ ఆర్థోటాలిడిన్ చుక్కలు రెండింటిలోనూ వేయండి. మొదటి గొట్టం పసుపెక్కుతుంది. రెండోదానిలో క్లోరైడ్ ఎన్నో రెట్లు ఎక్కువున్నా రంగు మారదు. అలాగే ఇంటర్ ల్యాబులో క్లోరైడ్‌ను పట్టడానికి వాడేది సిల్వర్ నైట్రేట్. విరిగిన పాలలాంటి తెల్లని అవక్షేపం వస్తే క్లోరైడ్ ఉన్నట్టు. చదువుకున్న ప్రతివాడూ ఏదో ఒక ఏడు ఆ తెల్లటి అవక్షేపం చూసి మార్కులు వేయించుకున్నవాడే. దేని పరీక్ష దానికుంది. ఒకటే పదార్థమైతే రెండు పరీక్షలు ఎందుకు పుట్టాయి?

మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 కూడా ఇదే చెబుతుంది. 2012 నాటి ఆ పత్రంలో క్లోరైడ్‌కు లీటరుకు 250 మిల్లీగ్రాములు దాటకూడదని ఒక వరుస ఉంది. వేరే నీటి వనరు లేనప్పుడు 1000 దాకా అనుమతిస్తుంది. క్లోరిన్‌కు వేరే వరుస ఉంది. అది కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలంటుంది. గమనించండి: మొదటిది ‘ఇంతకు మించొద్దు’, రెండోది ‘ఇంతకు తగ్గొద్దు’. రెండూ ఒకటే అయితే ఒకే కాగితం ఒకే పదార్థాన్ని పెంచమనీ తగ్గించమనీ ఒకేసారి చెప్పినట్టవుతుంది. పైగా క్లోరైడ్‌కు 250 అని పెట్టిన గీత ప్రధానంగా రుచి కోసం. అది దాటితే నాలుకకు ఉప్పదనం తగలడం మొదలవుతుంది.

ఇక ఆ ఊరి 310 సంగతి. ఈత కొలనులోనే క్లోరిన్ సాధారణంగా లీటరుకు 1 నుంచి 3 మిల్లీగ్రాములుంటుంది, ఆ మాత్రానికే కళ్లు మండుతాయి. 310 నిజంగా క్లోరినే అయితే ఆ బోరు నీళ్ల బిందె దగ్గర ముక్కు పెట్టలేరు. వాసన రాలేదు, కళ్లు మండలేదు, చొక్కా రంగు పోలేదు. సాక్ష్యమంతా ఎదురుగా ఉన్నా ఒక తప్పుడు పేరు దాన్ని కప్పేసింది.

2. “విషవాయువు బిడ్డ విషమే”

1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్ సైన్యం 150 టన్నులకు పైగా క్లోరిన్‌ను గాలివాటుగా వదిలింది. కందకాల్లోని సైనికులు ఊపిరితిత్తుల్లో నీరు చేరి చనిపోయారు. ఆ భయానికి కారణం ఉంది, దాన్ని నేను చిన్నబుచ్చను. కానీ ఆ భయాన్ని క్లోరైడ్ నెత్తిన రుద్దేవాళ్లు చుట్టరికాన్ని తలకిందులు చేస్తున్నారు.

ప్రకృతిలో క్లోరిన్ వాయువు విడిగా దాదాపు దొరకదు. ఉన్నదంతా క్లోరైడే. సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 19 గ్రాముల క్లోరైడ్ ఉంటుంది. శ్రీకాకుళం జిల్లా నౌపడ ఉప్పు మడుల్లో ఎండకు నీరిగిరి తెల్లగా పేరుకునేది అదే, సోడియంతో జతకట్టి. అదే ఉప్పునీటిలోకి ఫ్యాక్టరీలో విద్యుత్తు పంపి, క్లోరైడ్ దగ్గరున్న ఆ ఎలక్ట్రాన్‌ను బలవంతంగా లాగేస్తేనే క్లోరిన్ పుడుతుంది. పక్కన కాస్టిక్ సోడా, హైడ్రోజన్ వస్తాయి. అంటే క్లోరైడ్ తల్లి, క్లోరిన్ బిడ్డ. తల్లి భూమి పుట్టిన కాలం నాటిది. బిడ్డను విడిగా మనిషి చేతికి తెచ్చింది 1774లో, స్వీడన్‌లో, షీలే అనే మందుల తయారీదారు. బిడ్డ చేసిన నేరానికి తల్లికి శిక్ష వేయడం ఏ న్యాయం?

ఆ తల్లి లేకపోతే మనం లేం. మన రక్తపు సీరంలో లీటరుకు దాదాపు మూడున్నర గ్రాముల క్లోరైడ్ ఉంటుంది. ఆ ఊరి బోరు నీళ్లలో ఉన్నదానికి పది రెట్ల పైమాటే. కడుపులో అన్నాన్ని అరిగించే ఆమ్లం తయారయ్యేది క్లోరైడ్‌తోనే. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించారంటే లీటరు నీళ్లకు 9 గ్రాముల సోడియం క్లోరైడ్ నరంలోకి పంపారన్నమాట.

ఇంట్లో ఓఆర్ఎస్ ప్యాకెట్ ఉంటే తిప్పి చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో ఖరారు చేసిన సూత్రం అందులో ఉంటుంది: లీటరుకు సోడియం క్లోరైడ్ 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు, గ్లూకోజ్ 13.5 గ్రాములు. నాలుగింటిలో రెండు క్లోరైడ్లు. విరేచనాలతో వాడిపోయిన పసిబిడ్డ నోట్లో తల్లి చెంచాతో పోసేది ఇదే. ‘క్లోరైడ్ అంటే విషం’ అని ఊరంతా చాటేవాళ్లు, ఆ తల్లి ప్యాకెట్ మీది మాట చదివి చెంచా వెనక్కి తీసుకుంటే ఏం జవాబు చెబుతారు?

ఉప్పు ఎక్కువ తింటే రక్తపోటు పెరుగుతుంది కదా అంటారు. నిజమే. రోజుకు 5 గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. కానీ అక్కడ లెక్కపెట్టేది ప్రధానంగా సోడియాన్ని, మోతాదును. యుద్ధవాయువుతో దానికి సంబంధం లేదు.

3. “చివర తోకలో ఏముంది?”

ఆ నాలుగు కాళ్ల కన్నా ముందే, టీ బంకు మాటలోనే ఉన్న ప్రశ్న ఇది. తోకలోనే అంతా ఉంది.

క్లోరిన్ కుటుంబంలో తోకల వరుస ఇది: క్లోరైడ్, హైపోక్లోరైట్, క్లోరైట్, క్లోరేట్, పెర్‌క్లోరేట్. మొదటిదానిలో క్లోరిన్ ఎలక్ట్రాన్ పుచ్చుకుని నెమ్మదించింది. తరువాతి నాలుగింటిలో ఆక్సిజన్‌తో జతకట్టి, వరుసగా ఒకటి, రెండు, మూడు, నాలుగు ఆక్సిజన్ పరమాణువుల్ని మోస్తోంది. రసాయన శాస్త్రం ఈ తోకల్ని అలంకారానికి పెట్టలేదు. పేరు వినగానే ఆ పదార్థం ఏం చేయగలదో తెలియాలని పెట్టింది.

మా చిన్నప్పుడు వీధి మొదట్లో కళాయి వేసేవాడు కూర్చునేవాడు. గుంట తవ్వి, తిత్తితో బొగ్గులు రాజేసి, ఇత్తడి గిన్నెను పట్టకారుతో తిప్పుతూ కాచేవాడు. గిన్నె కాగాక చిటికెడు నవసాగరం చల్లితే తెల్లటి పొగ గుప్పుమని లేచేది. ఆ పొగలోనే తగరం ఆనించి గుడ్డపీలికతో చుట్టూ తుడిస్తే గిన్నె లోపల వెండిలా మెరిసేది. లోహం మీది మురికి పొరను నవసాగరం తినేస్తుంది కాబట్టే తగరం పట్టు దొరికించుకుంటుంది. ఆ నవసాగరం రసాయన నామం అమ్మోనియం క్లోరైడ్.

ఇప్పుడు తోక మార్చండి: అమ్మోనియం పెర్‌క్లోరేట్. శ్రీహరికోట నుంచి లేచే పీఎస్‌ఎల్‌వీ మొదటి దశలో సుమారు 138 టన్నుల ఘన ఇంధనం ఉంటుంది. అందులో సింహభాగం ఇదే. ఇంధనం మండడానికి కావలసిన ఆక్సిజన్‌ను ఇది అందిస్తుంది. అదే అమ్మోనియం, అదే క్లోరిన్. ఒకటి కళాయివాడి సంచిలో చిటికెడు, రెండోది రాకెట్‌ను ఆకాశానికి ఎత్తే బలం. తోకలో ఏమీ లేదనేవాళ్లు ఈ రెండింటినీ ఒకే డబ్బాలో పోసి వంటింట్లో పెట్టుకోగలరా?

పొటాషియం క్లోరైడ్ ఓఆర్ఎస్‌లో ఉంటుంది. పొటాషియం క్లోరేట్ అగ్గిపుల్ల తలలో ఉంటుంది. సోడియం క్లోరైడ్ మన అన్నంలో ఉప్పు. సోడియం క్లోరైట్‌ను నిమ్మ ఉప్పు లాంటి ఆమ్లంతో కలిపితే వచ్చే క్లోరిన్ డయాక్సైడ్ బట్టలకు, కాగితపు గుజ్జుకు రంగు తీసే పదార్థం. దాన్నే ‘మిరాకిల్ మినరల్ సొల్యూషన్’ అని పేరు పెట్టి, క్యాన్సర్ నుంచి ఆటిజం దాకా అన్నింటికీ మందని విదేశాల్లో అమ్మారు. అమెరికా ఆహార ఔషధ సంస్థ 2010లో, మళ్లీ 2019లో తాగొద్దని హెచ్చరించింది. దాన్ని అమ్మిన ఒక కుటుంబాన్ని 2023లో ఫ్లోరిడా ఫెడరల్ కోర్టు దోషులుగా తేల్చింది. “తోక తేడా ఏముందిలే” అనే ప్రతి నోరూ ఇలాంటి అమ్మకందారుకు ఉచితంగా ప్రచారం చేసిపెడుతుంది.

ఇంటి లోపలికే వద్దాం. మరుగుదొడ్డి కడిగే ఘాటైన ద్రావణాల్లో చాలావాటిలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది. అది నీళ్లలో కలిసిన హైడ్రోజన్ క్లోరైడ్. బ్లీచింగ్‌లో ఉండేది హైపోక్లోరైట్. ‘రెండూ క్లోరినే, రెండూ శుభ్రం చేసేవే, కలిపితే ఇంకా శుభ్రం’ అని ఒకదాని మీద ఒకటి పోశారనుకోండి. ఎలక్ట్రాన్ పుచ్చుకున్న క్లోరైడ్, ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న హైపోక్లోరైట్ ఆ ఆమ్లంలో ఎదురుపడతాయి. ఇచ్చిపుచ్చుకుంటాయి. రెండూ అసలు క్లోరిన్‌గా మారి వాయువై పైకి లేస్తాయి. ఈప్ర్ కందకాల్లోకి వెళ్లిన వాయువే తలుపు వేసిన చిన్న గదిలో ఇల్లు కడిగే మనిషి ఊపిరిలోకి వెళుతుంది. ఒకటే అనుకున్నవి ఒకటి కావు కాబట్టే ఈ ప్రమాదం జరుగుతుంది.

4. “శాస్త్రవేత్తలే కలగలిపారు”

వాదంలో కొంచెం బరువున్న కాలు ఇదే. క్లోరిన్‌ను కనిపెట్టిన షీలేకు అది మూలకమని తెలియదు. ఫ్రెంచి శాస్త్రవేత్త లావోయిజే సంప్రదాయంలో దాన్ని ఆక్సిజన్ ఉన్న ఆమ్లంగా లెక్కవేశారు. 1810లో హంఫ్రీ డేవీ అది మూలకమేనని తేల్చి, దాని రంగును బట్టి గ్రీకు మాట నుంచి క్లోరిన్ అని పేరు పెట్టాడు. చార్లెస్ టెన్నంట్ 1799లో పేటెంటు తీసుకున్న బ్లీచింగ్ పౌడర్‌ను చాలాకాలం ‘క్లోరైడ్ ఆఫ్ లైమ్’ అని పిలిచారు. అది సరైన పేరు కాదు. అందులో పనిచేసేది హైపోక్లోరైట్. 1847లో వియన్నా ప్రసూతి ఆసుపత్రిలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు తోటి వైద్యుల చేత చేతులు కడిగించింది ఈ పొడి కలిపిన నీళ్లతోనే. 1846లో 11 శాతం దాటిన బాలింతల మరణాలు 1848 నాటికి 1.3 శాతానికి దిగాయి.

ఈ చరిత్ర దేన్ని రుజువు చేస్తోంది? పేర్లు ఎలా ఉన్నా పరవాలేదని కాదు. తెలియని రోజుల్లో పెట్టిన పేరును తెలిసిన రోజున మార్చుకున్నారని. సెమ్మెల్‌వైస్ చేతుల మీది క్రిములను చంపింది నిజంగా క్లోరైడే అయితే, ఉప్పునీళ్లతో కడిగినా ఆ తల్లులు బతికి ఉండాలి. బతకరు. రెండు వందల ఏళ్ల కిందట వాళ్లు తప్పు పేరు వాడింది బద్ధకంతో కాదు, అందుబాటులో ఉన్న జ్ఞానం అంతవరకే కాబట్టి. ఆ మినహాయింపు మనకు లేదు.

ఇంకో పాత పేరు మన పొలాల్లో ఇప్పటికీ బతికుంది: మ్యూరేట్ ఆఫ్ పొటాష్. ‘మురియా’ అంటే లాటిన్‌లో ఉప్పునీరు; ఒకప్పుడు క్లోరైడ్లన్నిటినీ మ్యూరేట్లే అన్నారు. రైతు ‘పొటాష్’ అని బస్తా కొన్నప్పుడు కొంటున్నది పొటాషియం క్లోరైడే.

నిజమైన చిక్కు ఒకటుంది, దాన్ని దాచను. కార్బన్ సమ్మేళనాల్లో కూడా క్లోరైడ్ అనే మాట నడుస్తుంది: వినైల్ క్లోరైడ్, మిథైల్ క్లోరైడ్, కార్బన్ టెట్రాక్లోరైడ్. వీటిలో క్లోరిన్ విడి అయాన్‌గా ఉండదు, కార్బన్‌ను గట్టిగా పట్టుకుని ఉంటుంది. ఉప్పులోని క్లోరైడ్ అయాన్‌కు, కార్బన్‌కు అతుక్కున్న క్లోరిన్‌కు ఒకే మాట వాడడం రసాయన శాస్త్రపు పాత అలవాటు. అందుకే ఆ శాస్త్రం ఇప్పుడు క్లోరోమీథేన్, క్లోరోఈథీన్ లాంటి పేర్లకు మళ్లింది. ఇది తేడాలు వద్దనడానికి సాక్ష్యం కాదు. తేడాలు ఇంకా స్పష్టంగా చెప్పాలని ఆ శాస్త్రమే పడుతున్న తపన.

5. “సామాన్యుడికి ఏం ఒరుగుతుంది?”

ఈ ప్రశ్న వేసేవాళ్లు సామాన్యుడి పేరు చెప్పి తమ బద్ధకాన్ని కాపాడుకుంటున్నారు. సామాన్యుడే ఈ తేడాతో ఎక్కువ బతుకుతాడు, ఎక్కువ నష్టపోతాడు.

పొగాకు రైతును అడగండి. మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌లో బరువుకు సగానికి కాస్త తక్కువ క్లోరైడే. చాలా పంటలకు దానితో ఇబ్బంది లేదు. కానీ పొగాకు ఆకులో క్లోరైడ్ ఎక్కువ చేరితే ఆకు సరిగ్గా కాలదు, తేమ లాగుతుంది, వేలంలో ధర పడిపోతుంది. అందుకే పొగాకుకు పొటాష్‌ను క్లోరైడ్ రూపంలో కాక సల్ఫేట్ రూపంలో వేయమంటారు. ఉప్పు బోరు నీళ్లు పెట్టొద్దనడమూ ఇందుకే. ప్రకాశం జిల్లా రైతు ఏడాది కష్టం ధర ఈ ఒక్క మాట మీద ఆధారపడింది. క్లోరిన్‌తో అతనికి పనే లేదు. ‘నీళ్లలో వాసన లేదు, క్లోరిన్ లేనట్టే’ అని ధైర్యపడి ఆ నీళ్లు తోటకు పెడితే మునిగేది అతనే.

ఇల్లు కట్టించేవాళ్లను అడగండి. కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం, ఇనుప కడ్డీలు వేసే కాంక్రీటులో కలిపే నీటిలో క్లోరైడ్ లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. సిమెంటులోని క్షారం కడ్డీ చుట్టూ కట్టిన కాపుదల పొరను క్లోరైడ్ ఛేదిస్తుంది. తుప్పు మొదలవుతుంది, తుప్పు ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది. లీటరుకు 800 ఉన్న బోరు నీళ్లను, గతి లేనప్పుడు మనిషి తాగడానికి ప్రమాణం ఒప్పుకుంటుంది. ఆ ఇంటి స్లాబుకు ఒప్పుకోదు. ఇంత కచ్చితమైన సంగతిని ‘అంతా ఒకటే’ అనే మాటతో ఎలా చెప్పగలరు?

పారిశుద్ధ్య సిబ్బందిని అడగండి. తాజా బ్లీచింగ్ పౌడర్‌లో క్రిముల్ని చంపగల క్లోరిన్ బరువుకు మూడో వంతు దాకా ఉంటుంది. మూత సరిగ్గా లేని డబ్బాలో, చెమ్మ గదిలో నెలల తరబడి ఉంచితే ఆ శక్తి దిగిపోతుంది. క్లోరిన్ పరమాణువుల్లో చాలావరకు డబ్బాలోనే ఉంటాయి, కానీ క్లోరైడ్‌గా మారిపోయి. రంగు తెల్లగానే ఉంటుంది, చెమ్మకు కాస్త గడ్డకడుతుంది. దాన్నే కాలువ పక్కన ముగ్గులా చల్లి వెళతారు, ట్యాంకులో కలుపుతారు, రిజిస్టరులో ‘క్లోరినేషన్ చేయబడినది’ అని రాస్తారు. నీళ్లలో పడింది క్లోరైడ్. ఒక్క క్రిమి చావదు. రెండూ ఒకటే అనే సిద్ధాంతం నిజమైతే, పాడైన బ్లీచింగ్ కూడా బ్లీచింగే అని ఒప్పుకోవాలి. అలా ఒప్పుకున్న ఊళ్లో వానాకాలం విరేచనాలు ఎవరి ఖాతాలో వేయాలి?

6. తిరగేసిన తప్పు

ఇంతా చదివి “అయితే క్లోరైడ్ అని పేరుంటే క్షేమం, క్లోరిన్ అంటే ప్రమాదం” అనుకునేవాళ్లకూ నేను వ్యతిరేకినే. అది అదే బద్ధకం, మొహం మాత్రం మారింది.

క్లోరైడ్ అనేది సగం పేరు. మిగతా సగం దాని జతగాడు చెబుతాడు. ఓఆర్ఎస్‌లో ప్రాణం నిలిపే పొటాషియం క్లోరైడే గాఢ ద్రావణంగా నరంలోకి ఒక్కసారిగా ఎక్కితే గుండె ఆగిపోతుంది. అందుకే ఆసుపత్రుల్లో ఆ ఇంజెక్షన్‌ను విడిగా, హెచ్చరికతో పెట్టి, బాగా పలచన చేసి మెల్లగా ఎక్కిస్తారు. సోడియం తగ్గించిన ఉప్పుల్లో సోడియం క్లోరైడ్ కొంత తీసి పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. చాలామందికి అది మంచిదే. 2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని సిఫారసు చేసింది. అయితే మూత్రపిండాల జబ్బున్నవారికి ఆ సిఫారసు వర్తించదని కూడా చెప్పింది. ‘అదీ ఉప్పే, ఇదీ ఉప్పే’ అని ఆ రోగికి వడ్డించేవాళ్లు ప్రాణంతో ఆడుకుంటున్నారు.

పాదరసానికి రెండు క్లోరైడ్లున్నాయి. ఒకటి కాలొమెల్, దాన్ని పాశ్చాత్య దేశాల్లో ఇరవయ్యో శతాబ్దం మధ్యదాకా పళ్లు వచ్చే పసిపిల్లల పొడుల్లో కలిపి, చేతులూ కాళ్లూ ఎర్రబారే జబ్బు తెచ్చిపెట్టారు. రెండోది మెర్క్యురిక్ క్లోరైడ్, అంతకన్నా చాలా తీవ్రమైన విషం. వినైల్ క్లోరైడ్ వాయువు కాలేయ క్యాన్సర్ తెస్తుందని 1974లో అమెరికాలోని లూయీవిల్ కార్మికుల ద్వారా లోకానికి తెలిసింది. ఆ వాయువునే గొలుసుకట్టుగా కలిపితే మన ఇళ్ల పీవీసీ పైపు. కాబట్టి క్లోరైడ్ అనే మాట వినగానే భయపడడం ఎంత తప్పో, ధైర్యపడడం అంత తప్పు. పేరంతా చదవాలి: ముందు జతగాణ్ని, వెనక తోకను. ఆపై మోతాదును.

7. ఇక చేయాల్సింది

పత్రికల వాళ్లకు నా మాట: నీటి పరీక్ష వార్త రాసేటప్పుడు కాగితం మీద ఉన్న మాటే రాయండి. క్లోరైడ్ అని ఉంటే క్లోరైడ్. ఇదే జాడ్యం ఫ్లోరైడ్ విషయంలో ఎప్పటి నుంచో ఉంది. నల్గొండ జనం వెన్నెముకలు వంచింది నేలలోని ఫ్లోరైడ్. మనం రాసేది ‘ఫ్లోరిన్ నీళ్లు’ అని. ఫ్లోరిన్ వాయువు నీళ్లను తాకితే తీవ్రంగా చర్య జరిపి ఫ్లోరిన్‌గా మిగలదు. ఫ్లోరిన్ నీళ్లు అనేవి లోకంలో ఉండవు. జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ రూపొందించిన నల్గొండ పద్ధతిలో పటికా, సున్నమూ ఫ్లోరైడ్‌ను తీస్తే బ్లీచింగ్ క్రిముల్ని చంపుతుంది. ఫ్లోరైడ్, క్లోరైడ్, క్లోరిన్ ఒకే తొట్టిలో ఎదురయ్యే చోట ఈ మూడు మాటలనూ కలిపేస్తే, ఏది తీశామో ఏది వేశామో జనానికి ఎలా చెబుతాం?

మాస్టార్లకు నా మాట: తోకల పట్టికను బట్టీ పట్టించకండి. ఉప్పు, బ్లీచింగ్, అగ్గిపుల్ల బల్ల మీద పెట్టి, మూడింటిలోనూ క్లోరిన్ ఉంది, మూడూ ఎందుకు వేరో చెప్పమనండి. ఆ పిల్లలు ఇంటికెళ్లి అమ్మ యాసిడ్‌నూ బ్లీచింగ్‌నూ కలపకుండా చేయి పట్టుకుంటారు.

పంచాయతీలకు నా మాట: ఓటీ చుక్కలు అలమరలో దాచకండి. ట్యాంకు కింద జనం ముందు వేయండి. పసుపు రంగు చూసినవాడికి పాఠం అక్కర్లేదు.

ఆ రోజు మెట్ల దగ్గర నిలబడిపోయిన ఆ పంచాయతీ మనిషికి ఎవరూ జవాబు నేర్పలేదు. అది ఇంతే: “అన్నా, కాగితంలో మూడొందల పది అని ఉన్నది ఉప్పదనం. పురుగును చంపేది దాని కిందున్న వరుస, అక్కడ ‘లేదు’ అని రాశారు చూడు. అది ఉండాలనే ఈ డబ్బా మోసుకొచ్చాను.” రెండు పదార్థాలకు రెండు పేర్లు ఉన్నాయని తెలిసిన మనిషి చెప్పగల జవాబు ఇది. రెండూ ఒకటేనని మనమంతా కలిసి చెప్పడం వల్లే ఆ జవాబు అతని నోట రాలేదు, డబ్బా మూత తెరవకుండానే అతను వెనుదిరిగాడు.